సగం తలకి రంగు

నాకు తొందర ఎక్కువ. కడుపులో కూడా తొమ్మిది నెలలు ఆగలేక ఏడో నెలలోనే బయటపడ్డానని మా అమ్మ చెప్పేది. ఆ తర్వాత యాభై రెండేళ్ళపాటు నేను దేనికోసమూ ఆగలేదు. లిఫ్టు బటన్‌ని నాలుగుసార్లు నొక్కేవాణ్ణి. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేసేవాణ్ణి, చాలాసార్లు అది వాళ్ళు అడగని ప్రశ్నకి జవాబు. హైదరాబాద్‌లో ఒక డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి, బీపీ చూసి, నమ్మకం కుదరక మళ్ళీ చూసి, “ఈ ఉద్యోగమన్నా మానేయండి, లేకపోతే ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో మీ ఆవిడకన్నా చెప్పండి” అన్నాడు.

సరిగ్గా ఆ నెలలోనే మా ఆవిడకి బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా ఉద్యోగం వచ్చింది. ఆవిడ వృక్షశాస్త్రం చదువుకుంది. పాఠం చెప్పడమంటే ప్రాణం. కానీ నా ఉద్యోగాల వెంట బెంగుళూరు, పుణె, హైదరాబాద్ తిరుగుతూ, చేరిన ప్రతి కాలేజీనీ ఏడాదికో రెండేళ్ళకో వదిలేసి వచ్చింది. అలా మూడు ఉద్యోగాలు పోయాయి. అందుకని ఈసారి నేనే, చాలా ఉదారంగా, “ఒక ఏడాది నీ వెంట నేనొస్తాను” అన్నాను. తెనాలిలో మేడ మీద వాటా అద్దెకి తీసుకున్నాం. ఆవిడ రోజూ రైల్లో బాపట్ల వెళ్ళి వస్తుంది. నేను ఏ ఉద్యోగమూ చేయకుండా, చిన్న ఊళ్ళో నెమ్మదిగా బతకడం నేర్చుకోవాలి. ఏడాది పూర్తయ్యేదాకా హైదరాబాద్ ఊసెత్తకూడదు. అదీ ఒప్పందం.

నేను ఏ పనయినా ఒక పద్ధతి ప్రకారం చేస్తాను. నెమ్మదిగా బతకడం గురించి దొరికిందల్లా చదివి, కంప్యూటర్లో ఒక టైంటేబుల్ తయారుచేసి ఫ్రిజ్ మీద అంటించాను. ఐదూ నలభై ఐదు నుంచి ఆరుంబావు దాకా ప్రశాంతత. ఆరుంబావు నుంచి ఆరూ నలభై దాకా నెమ్మదిగా కాఫీ. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఏ ఆలోచనా లేకుండా వీధిలోకి చూడటం. రెండో రోజే పాలాయన ఆలస్యంగా వచ్చాడు. కాఫీ ఆలస్యమైంది, దాంతో వీధిలోకి చూడటం కూడా ఆలస్యమైంది. నేను మెట్ల మీద నిలబడి పాలాయన మీద కేకలేస్తుంటే, మా ఆవిడ వెనకనుంచి, “ప్రశాంతత పన్నెండు నిమిషాలు లేటయిందని వీధంతా వినపడేట్టు అరుస్తున్నారు” అంది. చేతికున్న గడియారం కూడా అదే సమయంలో వణికి, కాస్త ఊపిరి పీల్చుకోమని ఇంగ్లీషులో సలహా ఇచ్చింది. దాన్ని తీసి బియ్యం డబ్బాలో పడేశాను.

తెనాలి నన్ను అన్ని వైపులనుంచీ కూర్చోబెట్టాలని చూసింది. బల్బు కొనడానికి వెళితే షాపాయన ముందు కుర్చీ వేసేవాడు. టైలరు, “రేపు రండి” అనేవాడు. రేపు వెళితే, నేను నిజంగా వచ్చినందుకు ఆశ్చర్యపోయేవాడు. స్టేషన్‌కి వెళ్ళే ఆటో నిండితే తప్ప కదలదు. “ఇంకొక్కరొస్తే పోదామండి” అని డ్రైవరు అంటాడు, ఆ ఒక్కరు ఎదురింటి గుమ్మంలో తీరిగ్గా జడ వేసుకుంటూ కనిపిస్తూనే ఉంటారు. ఆటోలో ఉన్న తొమ్మిది మందీ ఆ జడ పూర్తయ్యేదాకా ఆసక్తిగా చూస్తారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

అసలు బాధ అది కూడా కాదు. నిజం చెప్పాలంటే, తెనాలిలో నేను ఎవరికీ ఏమీ కాను. హైదరాబాద్‌లో నా ఒక్క మాట కోసం ముప్ఫైమంది కాచుకుని ఉండేవాళ్ళు. ఇక్కడ నన్ను “మేడమ్ గారి ఆయన” అంటారు. స్టేషన్ దగ్గర పూలమ్మే ఆవిడకి మా ఆవిడ ఏ రోజు ఏ రైలెక్కుతుందో తెలుసు, ఏ పూలు పెట్టుకుంటుందో తెలుసు. నేనెదురైతే, “మేడమ్ గారికి జలుబు తగ్గిందా బాబాయ్ గారూ?” అని అడుగుతుంది. నా బీపీ గురించి అడిగిన పాపాన పోలేదు. నాకు కుళ్ళుగా ఉండేది. కట్టుకున్న భార్య మీద కుళ్ళేంటని సిగ్గుపడేవాణ్ణి, మళ్ళీ కుళ్ళుకునేవాణ్ణి.

అలా ఎనిమిది నెలలు గడిచాక, ఆవిడకి తెలియకుండా హైదరాబాద్‌లో ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టాను. వాళ్ళు రెండు విడతలు మాట్లాడి, ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వీడియోలో ఆఖరి ఇంటర్వ్యూ అన్నారు. నచ్చితే నెలలోపే చేరాలి. ఉద్యోగం వచ్చేశాక ఆవిడకి చెబుదాం, అప్పుడు కాదనలేదు కదా అనుకున్నాను. ఇంతకన్నా పిరికి ఆలోచన నేనెప్పుడూ చేయలేదు.

ఇంటర్వ్యూ చేసేవాళ్ళంతా నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. నా తల చూస్తే ఎనిమిది నెలల ప్రశాంతతకి నెరిసి, పెరిగి, చెవుల మీదకి దిగింది. కటింగ్ చేయించి రంగు వేయించాలి. మా వీధిలో వేయించుకుంటే నేను ఇంటికి చేరేలోపు వార్త బాపట్ల చేరుతుంది. బాపట్లలోనా, అడుగడుగునా ఆవిడ విద్యార్థులే. ఆలోచించి ఆలోచించి రేపల్లె ఎంచుకున్నాను. రైలు పట్టాలే అక్కడితో అయిపోతాయి, ఇక వార్త ఎక్కడికి పోతుందిలే అనిపించింది.

శుక్రవారం పొద్దున మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, వాళ్ళ డిపార్ట్‌మెంట్లో కొత్తగా చేరిన అమ్మాయి పెళ్ళికి వెళుతున్నానంది. ఏ ఊళ్ళోనో కూడా చెప్పింది. నేను ఫోన్లో రైలు వేళలు చూసుకుంటూ “ఊఁ” అన్నాను. “మీరూ రాకూడదూ?” అంది. “ఇంట్లో పనుంది” అన్నాను. ఆవిడ ఒక్క క్షణం గుమ్మంలో ఆగి, ఇంకేదో అనబోయి వెళ్ళిపోయింది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, ఇంకో గంట ఎలాగో ఆగి, నేను రేపల్లె బండెక్కాను.

స్టేషన్‌కి కాస్త దూరంలో ఒకటే కుర్చీ ఉన్న సెలూన్ కనిపించింది. దాని యజమానికి నా వయసే ఉంటుంది. అద్దం పక్కన మేకుకి గుడ్డ సంచిలో పొడుగ్గా ఏదో వేలాడుతోంది.

“ఎవరి తాలూకండీ తమరు?” అన్నాడు, మెడకి గుడ్డ చుడుతూ.

“ఎవరి తాలూకూ కాదు.”

“అట్టా ఎవరూ ఉండరండీ. ఏ ఊరు?”

“హైదరాబాద్.”

అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. “హైదరాబాద్ నుంచి చేతిలో సంచన్నా లేకుండా ఎవరొస్తారండీ? తెనాలి బండి దిగి వస్తుంటే చూశాగా. తెనాల్లో ఏ పేట?”

ఐదు నిమిషాల్లో నా పేట, అద్దె ఇల్లు, బీపీ అన్నీ బయటికి లాగాడు. మా ఆవిడ ఉద్యోగం ఒక్కటే ఎలాగో దాచాను. కటింగ్ మాత్రం ఒక్కొక్క వెంట్రుకనీ పలకరిస్తున్నట్టు గంటసేపు చేశాడు. “మధ్యాహ్నం బండికి నేను పోవాలి, తొందరగా కానివ్వండి” అని నాలుగుసార్లు అన్నాను. నాలుగుసార్లూ, “అట్టాగేనండి” అని కత్తెర కింద పెట్టి మరీ జవాబిచ్చాడు. ఆ తర్వాత గిన్నెలో రంగు కలిపి, ఎడమ చెవి దగ్గర మొదలుపెట్టి నడినెత్తి దాకా వచ్చాడు. మీసంలో ఎడమ సగం కూడా అయింది.

అప్పుడు గుమ్మం ముందు బైకు ఆగింది. పంచె కట్టుకున్న నడివయసాయన ఒకడు దిగీ దిగకముందే, “మామయ్యా, నువ్వే రావాల! మీ తమ్ముడికి పన్ను పోటెత్తి బుగ్గ ఇంత వాచింది. ఊదలేనని చేతులెత్తేశాడు. ఇంకో ముప్పావుగంటలో జీలకర్ర బెల్లం!” అన్నాడు.

సెలూన్ ఆయన కుంచె గిన్నెలో పెట్టేశాడు. మేకుకున్న సంచి తీశాడు. అందులో ఉన్నది నాదస్వరం. ఈ వైపు చాలా ఊళ్ళలో తల పని చేసేవాళ్ళే పెళ్ళిళ్ళలో మేళం వాయిస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, నా తలమీదికి వస్తుందని మాత్రం అనుకోలేదు.

“సార్, ఒక్క గంట” అన్నాడు.

“గంటేంటి? నా తల సంగతేంటి?”

“మీ తల ఎక్కడికీ పోదండీ. ముహూర్తం పోతుంది.”

అరిచాను. నాలుగింటికి నాకెంత ముఖ్యమైన పనుందో చెప్పాను. బైకాయన అన్నీ శ్రద్ధగా విని, “నాలుగింటికి కదండీ, బోలెడు టైముంది. భోజనం చేసి పోదురుగాని, రండి” అన్నాడు. సెలూన్ ఆయన అప్పటికే చేతులు కడుక్కుని, డ్రాయర్లోంచి జరీ కండువా తీసి భుజాన వేసుకుని, వేరే మనిషైపోయాడు. నా తలకి ఒక తెల్ల టవలు చుట్టాడు. ఇద్దరూ కలిసి నన్ను బైకు మీద మధ్యలో కూర్చోబెట్టారు. రేపల్లె వీధుల్లో నేను అలా, వెనకాల నాదస్వరంతో, ఊరేగాను.

కల్యాణమండపం గుమ్మంలో పన్నీరు చల్లుతున్న ముసలావిడ నన్ను చూసి, “ఏంటి నాయనా, తలకి దెబ్బ తగిలిందా?” అంది. “లేదమ్మా, సగం రంగేశాను” అని సెలూన్ ఆయన చెప్పాడు. “పోన్లే పాపం” అని ఆవిడ నా మీద పన్నీరు చల్లింది. ఆ తర్వాత ఎవరికీ నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. “సగం రంగు బాబాయ్ గారు” అని నాకన్నా ముందే మాట లోపలికి పాకింది. ఒకాయన తన కుర్చీ నాకిచ్చాడు. ఇంకొకాయన, రంగు ఎక్కువసేపు ఉంచుకుంటే దురద పెడుతుందనీ, పెరట్లో కుళాయి ఉందనీ చెప్పి, తనే చెంబుతో నీళ్ళు పోసి కడిగాడు. పెళ్ళివారి అద్దంలో చూసుకున్నాను. ఎడమనుంచి చూస్తే నలభై, కుడినుంచి చూస్తే అరవై. టవలు మళ్ళీ చుట్టుకున్నాను.

నేను కూర్చునేసరికి గట్టిమేళం మొదలైంది. ఇందాక నన్ను ఎవరి తాలూకని అడిగిన మనిషే బుగ్గలు పూరించి ఊదుతుంటే పందిరంతా లేచి నిలబడింది. నాకు తెలియకుండానే నేనూ లేచాను. అక్షింతలు వేద్దామని వేదిక వైపు చూశాను. పెళ్ళికూతురి పక్కన, ఆ అమ్మాయి తలమీద చెయ్యి పెట్టి, మా ఆవిడ నిలబడి ఉంది.

పారిపోదామన్న ఆలోచన రాకపోలేదు. కానీ అలాగే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ చుట్టూ పదిమంది విద్యార్థినులు మూగి ఉన్నారు. ఎవరో ఏదో అన్నారు, ఆవిడ తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. ఆ నవ్వు నేను విని ఎన్నేళ్ళయిందో లెక్క తేలలేదు. పెళ్ళైన కొత్తలో అలాగే నవ్వేది. అది వయసుతో పోయిందనుకున్నాను. పోలేదు, నేనున్న చోట లేదంతే.

అప్పుడే ఆవిడ నన్ను చూసింది. టవలు చూసింది, రెండు రంగుల మీసం చూసింది. నిదానంగా వేదిక దిగి నా దగ్గరికొచ్చింది.

“భోజనం చేశారా?” అంది.

“లేదు.”

“పదండి.”

బంతిలో పక్కపక్కనే కూర్చున్నాం. ఆవిడ నా విస్తట్లో గోంగూర వేయించింది, నెయ్యి వేయించింది, నాకు బీపీ అని చెప్పి అప్పడం వెనక్కి పంపించింది. నేను బొబ్బట్టు నోట్లో పెట్టుకుని ఇక గండం గడిచిందనుకుంటుండగా, “ఇంటర్వ్యూ ఎన్నింటికి?” అంది.

బొబ్బట్టు గొంతులో అడ్డం పడింది. మంచినీళ్ళ గ్లాసు ఆవిడే అందించింది.

“నీకెలా తెలుసు?”

“సోమవారం మీ అంతట మీరే చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. ఈ పాతికేళ్ళలో అది రెండోసారి. మొదటిసారి పుణె ఉద్యోగానికి.”

“మరి కోపం రాలేదా?”

“మంగళవారం వచ్చింది. బుధవారం పోయింది. ఎన్నింటికో చెప్పండి ముందు.”

“నాలుగింటికి.”

“అయితే తొందరగా తినండి” అంది. నా జన్మలో నన్ను తొందరపెట్టిన మొదటి మనిషి ఆవిడే.

మూడున్నరకి సెలూన్‌కి చేరాం. సెలూన్‌కి తలుపు దగ్గరగా వేసి ఉంది, తాళం లేదు. సెలూన్ ఆయన పత్తా లేడు. గంటన్నాడు గానీ, తలంబ్రాలయ్యాయి, అరుంధతి దర్శనం అయింది, అప్పగింతలయ్యేదాకా మేళం కదలడానికి వీల్లేదట. మధ్యాహ్నం బండి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇస్త్రీ చేసిన చొక్కా తెనాలిలో ఉంది, కంప్యూటరూ తెనాలిలోనే ఉంది. నేను కుర్చీలో కూలబడి, “ఇక అయిపోయింది” అన్నాను.

“ఫోనుంది కదా” అంది మా ఆవిడ. నా తలమీది టవలు తీసి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్కసారి మాత్రం పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. ఆ తర్వాత, “ఎడమ వైపు బాగానే ఉంది. కుడి వైపు కనపడనివ్వకండి” అని, నాకు ఎడమ పక్కన నిలబడి, ఫోను రెండు చేతులతో నా మొహానికి సరిగ్గా ఎత్తి పట్టుకుంది.

నాలుగింటికి ముగ్గురు తెరమీదకి వచ్చారు. “సార్, కొంచెం కెమెరా వైపు తిరుగుతారా?” అన్నాడొకడు. “మెడ పట్టేసిందండీ” అన్నాను. అరగంట అడిగారు. నేను బాగా చెప్పాను. చెప్పొద్దూ, చాలా బాగా చెప్పాను. ఎనిమిది నెలల తర్వాత ఎవరో నా మాట కోసం ఎదురుచూస్తున్నారు. ప్రాణం లేచొచ్చింది. చివరికి వాళ్ళలో పెద్దావిడ, “మాకందరికీ నచ్చారు. ఎప్పుడు చేరగలరు?” అంది.

జవాబు నాలిక చివర ఉంది. అద్దంలోకి చూశాను.

అద్దంలో మా ఆవిడ కనిపించింది. పట్టుచీరలో, వాడిన మల్లెపూలతో, చేతులు రెండూ పైకెత్తి నిలబడి ఉంది. అరగంటగా అలాగే ఉంది. చేతులు పీకుతున్నట్టున్నాయి, ఒక కాలిమీది బరువు ఇంకో కాలిమీదకి మార్చుకుంటోంది. ఫోను మాత్రం ఒక్క అంగుళం కదలనివ్వలేదు. నా జవాబు ఆలస్యమయ్యేసరికి, చెప్పండి చెప్పండి అని పెదవులతోనే తొందరపెట్టింది. పుణెలోనూ బెంగుళూరులోనూ నేను ఇలాంటి జవాబులు చెబుతున్నప్పుడు ఆవిడ ఎక్కడ నిలబడి ఉండేదో నేను చూడలేదు. ఎప్పుడూ ఎదురుగానే చూసుకుని మాట్లాడాను.

“చేరలేనండీ” అన్నాను.

“సార్, సరిగ్గా వినపడలేదు.”

“చేరలేనండీ. మా ఇంట్లో ఒకరికి మాటిచ్చాను. అది మర్చిపోయి మీ టైము వృథా చేశాను, క్షమించండి” అని, మర్యాదగా ఉంటుందని పూర్తిగా వాళ్ళవైపు తిరిగి దణ్ణం పెట్టాను. నా తల రెండు సగాలూ చూసి ముగ్గురూ నోరు తెరిచారు. ఫోను ఆగిపోయింది.

“పిచ్చి గాని పట్టిందా మీకు?” అంది మా ఆవిడ, భుజాలు నొక్కుకుంటూ. “ఇది చెప్పడానికా అరగంట నా చేతులు పడిపోయేట్టు పట్టించారు? ఏడాది అయ్యాక మళ్ళీ ఇదే గోల పెడతారు, నాకు తెలుసు.”

“పెడతానేమో. అప్పుడు నీకు చెప్పి పెడతాను.”

ఆవిడ గోడవైపు తిరిగి, చాలాసేపు ముక్కు చీదుకుంది.

అప్పుడొచ్చాడు సెలూన్ ఆయన, బుగ్గన తాంబూలంతో, చెమటలు కక్కుతూ. “ఆలస్యమైందా సార్?” అన్నాడు. “ఏం పర్లేదు” అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చిందా అని మా ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఆయన కొత్తగా రంగు కలిపి మిగతా సగం పూర్తిచేశాడు. మా ఆవిడని బల్లమీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. “పెళ్ళికొచ్చిన మేడమ్ గారు మీ తాలూకని ముందే చెప్పొద్దా సార్?” అని నన్ను కోప్పడ్డాడు. రంగు కడిగి, గడ్డానికి నురగ పట్టించి, కత్తికి కొత్త బ్లేడు వేశాడు. నురగ తుడుచుకోవడానికి చుట్టూ వెతికాడు. “పేపరు పక్క టీకొట్టోళ్ళు పట్టుకుపోయినట్టున్నారు. అమ్మా, ఏదన్నా కాగితం ముక్కుంటే ఇస్తారా?”

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. మడతపెట్టిన ఒక తెల్ల కాగితం తీసి, ఒక్క క్షణం చూసి, ఆయన చేతికిచ్చింది. ఆయన మడత విప్పి నా భుజం మీద పరిచాడు. ఓరకంట చూశాను. ఆవిడ గుండ్రటి అక్షరాలు. కాలేజీ ప్రిన్సిపాల్ గారికి రాసింది. భర్త ఉద్యోగరీత్యా హైదరాబాద్ వెళ్ళవలసి ఉన్నందున, ఈ నెలాఖరు నుంచి తన ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నానని ఉంది. కింద సంతకం కూడా అయిపోయింది. ఇవ్వడమే మిగిలింది.

కత్తి నా బుగ్గ మీద ఒకసారి నడిచింది. ఆయన నురగంతా ఆ సంతకం మీద తుడిచాడు.

“కదలకండి సార్, తెగుద్ది” అన్నాడు. నేను కదలడం లేదు, ఏడుస్తున్నానని చెబుదామంటే మూతి చుట్టూ నురగ.